ఆర్‌పీఎస్19 జీన్, డైమండ్ బ్లాక్‌ఫాన్ అనీమియా: బెంగళూరులో మన తెలుగువాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

నేను బెంగళూరులో జెనెటిక్ రిపోర్టులు కుటుంబాలకి వివరించి చెప్పే పనిలో ఉన్నాను. మదనపల్లె, హిందూపురం, అనంతపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు, ఇక్కడే మారతహళ్ళిలోనో కేఆర్ పురంలోనో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, చాలామంది తెలుగువాళ్ళే వస్తారు. డాక్టర్‌గారి రూమ్‌లో ఉన్న పది నిమిషాల్లో అన్నీ అడగలేరు, ఇంటికెళ్ళాక వెతికితే అంతా ఇంగ్లీషు, అది కూడా సగం భయపెట్టేదే. అందుకే పదేపదే వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఇది చదివి మందులు మార్చుకోవద్దు, కానీ డాక్టర్‌ని ఏం అడగాలో తెలుసుకోండి.

అసలు ఈ ఆర్‌పీఎస్19 అంటే ఏంటండీ?

అది ఒక జీన్ పేరు. ఇది పాడైతే వచ్చేదే డైమండ్ బ్లాక్‌ఫాన్ అనీమియా, అంటే పసితనంలోనే ఎర్ర రక్త కణాల తయారీ పడిపోయి బిడ్డ పాలిపోయే అరుదైన జబ్బు. మనందరిలో 19వ క్రోమోజోమ్ మీద, పొడుగు చెయ్యి వైపు, 19క్యూ13.2 అనే చోట ఉంటుంది. ఇది చాలా చిన్న ప్రోటీన్‌ని తయారు చేయిస్తుంది, మొత్తం 145 అమైనో ఆమ్లాలు, అంతే. ఆ చిన్న ప్రోటీన్ వెళ్ళి రైబోజోమ్‌లో కూర్చుంటుంది. రైబోజోమ్ అంటే కణంలో ప్రోటీన్లన్నిటినీ తయారు చేసే యంత్రం. మనిషి రైబోజోమ్‌లో రెండు భాగాలుంటాయి, చిన్న భాగాన్ని 40ఎస్ అని, పెద్ద భాగాన్ని 60ఎస్ అని అంటారు, చిన్నదాంట్లో 33 ప్రోటీన్లు, పెద్దదాంట్లో 47, వాటితోపాటు ఆర్ఎన్ఏ ముక్కలు నాలుగు. మన ఆర్‌పీఎస్19 ఉండేది చిన్న భాగంలో, దాని తల దగ్గర.

జీన్‌లో ఎక్సాన్లు అనే ముక్కలు ఆరు ఉన్నాయి. మొదటి ఎక్సాన్‌లో ప్రోటీన్ కోడ్ ఉండదు, అది రెండో ఎక్సాన్‌లో మొదలవుతుంది. మొదటిదాంట్లో కోడ్ లేదు కదా అని అక్కడ తేడా వస్తే ఫరవాలేదు అనుకోకూడదు, కొన్ని కుటుంబాల్లో అక్కడి మార్పే సమస్య.

రైబోజోమ్‌లో 80 ప్రోటీన్లు ఉంటే ఇదొక్కటి తగ్గితే ఏమవుతుంది?

ఇది ఊరికే అతుక్కుని ఉండే ప్రోటీన్ కాదు. చిన్న భాగం తయారయ్యేటప్పుడే దీని అవసరం పడుతుంది. కణం ముందు ఒక పొడవాటి ఆర్ఎన్ఏ తీస్తుంది, దాన్ని 47ఎస్ అంటారు, దాన్ని అక్కడక్కడా కత్తిరించుకుంటూ పోతే చివరికి 18ఎస్, 5.8ఎస్, 28ఎస్ అనే మూడు ముక్కలొస్తాయి. 18ఎస్ ముక్క చిన్న భాగానికి వెన్నెముక. దాని చివర్లో మిగిలిపోయిన తోకని కత్తిరించే దశలో ఆర్‌పీఎస్19 ఉండి తీరాలి. లేకపోతే 21ఎస్ అనే సగం తయారైన ముక్క పేరుకుపోతుంది, 18ఎస్ సరిపడా రాదు, 18ఎస్ లేకపోతే 40ఎస్ లేదు, 40ఎస్ లేకపోతే 60ఎస్ ఎంత ఉన్నా ఉపయోగం లేదు. 145 అమైనో ఆమ్లాల ప్రోటీన్ ఒకటి తగ్గితే మొత్తం ఎందుకు ఆగుతుందో ఇక్కడ అర్థమవుతుంది.

రెండు కాపీల్లో ఒకటి బాగానే ఉందని రిపోర్ట్‌లో ఉంది కదా, మరి జబ్బు ఎందుకు?

అందరూ అడిగేది ఇదే, అడగాల్సింది కూడా ఇదే. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, ప్రతి జీన్‌కి రెండు కాపీలు ఉంటాయి. చాలా జీన్లలో ఒకటి పాడైనా రెండోది సర్దుకుపోతుంది, తలసీమియా క్యారియర్లు లక్షలమంది మామూలుగా తిరిగేది అందుకే. ఆర్‌పీఎస్19 విషయంలో ఒక్క కాపీ ఇచ్చే సగం ప్రోటీన్ చాలదు. ఇంట్లో ఇద్దరి జీతాలూ వస్తున్నాయి, ఒకరిది ఆగిపోయింది అనుకోండి, మామూలు నెల ఎలాగో గడిచిపోతుంది, పిల్లల స్కూల్ ఫీజు, ఇంటి అడ్వాన్స్ రెండూ ఒకే నెలలో పడ్డప్పుడు మాత్రం ఇల్లు కదిలిపోతుంది. మన శరీరంలో అలాంటి నెల ప్రతిరోజూ నడిచే చోటు బోన్ మారో, అక్కడ ఎర్ర రక్త కణాలు తయారయ్యే వరస.

రెండు కాపీలూ పూర్తిగా పోతే బిడ్డ నిలవదు. ఎలుకల్లో చేసి చూశారు, రెండూ లేని పిండాలు గర్భాశయంలో అతుక్కునే దశకి కూడా రాలేదు. కాబట్టి మనం చూసే పిల్లలందరూ ఒక కాపీ బాగున్నవాళ్ళే.

ప్రతి కణంలోనూ రైబోజోమ్ ఉంటుంది కదా, దెబ్బ రక్తం మీదే ఎందుకు పడుతుంది?

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, మొత్తం వ్యవహారంలో నాకు చాలా ఇష్టమైన భాగం ఇది.

పెద్ద మనిషిలో సెకనుకి సుమారు 20 లక్షల కొత్త ఎర్ర కణాలు తయారవుతాయి. ఒక్కో కణంలో హిమోగ్లోబిన్ అణువులు 25 కోట్ల పైనే. ఇదంతా కొద్ది రోజుల్లో, కణం తన న్యూక్లియస్‌ని బయటికి తోసేసేలోపు, ఆ తర్వాత మిగిలిన కాస్త టైమ్‌లో అయిపోవాలి. అంటే రైబోజోమ్‌ల మీద అంత భారం పడే కణాలు శరీరంలో చాలా తక్కువ.

అక్కడ రైబోజోమ్‌లు తగ్గితే మూడు దెబ్బలు కలిసి పడతాయి. ఒకటి, గాటా1 అని ఒక ప్రోటీన్ ఉంది, నువ్వు ఎర్ర కణం అవ్వాలి అని కణానికి చెప్పేది అదే, రైబోజోమ్‌లు కొరతగా ఉన్నప్పుడు దీని తయారీ మిగతావాటికంటే ఎక్కువగా పడిపోతుంది. రెండు, హిమోగ్లోబిన్‌లో గ్లోబిన్, హీమ్ అని రెండు భాగాలున్నాయి, గ్లోబిన్ రైబోజోమ్ మీద తయారవ్వాలి కాబట్టి ఆలస్యమవుతుంది, హీమ్ మాత్రం తన దారిన తను తయారైపోతూ ఉంటుంది, జత దొరకని హీమ్ కణానికి విషం. మూడు, రైబోజోమ్‌లో చేరాల్సిన వేరే ప్రోటీన్లు, ముఖ్యంగా ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11, చోటు లేక విడిగా తిరుగుతూ ఎండీఎమ్2 అనే ప్రోటీన్‌ని పట్టుకుంటాయి. ఎండీఎమ్2 పని పీ53ని అదుపులో ఉంచడం. అది చిక్కుకుపోగానే పీ53 పెరిగిపోయి కణాన్ని ఎదగకుండా ఆపేస్తుంది, లేదా చంపేస్తుంది. ఎర్ర కణం అవ్వాల్సినవి మధ్యలోనే రాలిపోతాయి, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మాత్రం చాలామందిలో దాదాపు మామూలుగానే ఉంటాయి.

ల్యాబ్‌లో రెటిక్యులోసైట్ కౌంట్ అని చేస్తారు చూడండి, మిథిలీన్ బ్లూ జాతి రంగు వేసి స్లైడ్ చూస్తే అప్పుడే పుట్టిన ఎర్ర కణాల్లో నీలం రంగు వలలాగా కనపడుతుంది. ఆ నీలం వల వేరేదేం కాదు, మిగిలి ఉన్న రైబోజోమ్‌ల ఆర్ఎన్ఏనే. ఈ పిల్లల స్లైడ్‌లో ఒక ఫీల్డ్ తర్వాత ఇంకో ఫీల్డ్ జరుపుతూ పోయినా ఆ వల ఉన్న కణం ఒక్కటి దొరకడం గగనం. మామూలుగా 0.5 నుంచి 2 శాతం దాకా ఉండాల్సిన కౌంట్ దాదాపు సున్నాకి వచ్చేస్తుంది.

డైమండ్ బ్లాక్‌ఫాన్ అనీమియా అని రాశారు, అదీ ఇదీ ఒకటేనా?

జబ్బు పేరు అది, పొట్టిగా డీబీఏ అంటారు. 1936లో హ్యూ జోసెఫ్స్ అనే డాక్టర్ మొదట రాశారు, 1938లో బోస్టన్‌లో లూయిస్ డైమండ్, కెన్నెత్ బ్లాక్‌ఫాన్ వివరంగా రాశాక వాళ్ళ పేర్లే నిలిచిపోయాయి. కారణం ఏంటో 60 ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. ఒక అమ్మాయిలో ఎక్స్ క్రోమోజోమ్ ముక్క, 19వ క్రోమోజోమ్ ముక్క ఒకదానికొకటి మారిపోయి ఉండటం స్వీడన్ శాస్త్రవేత్తలు గమనించారు, సరిగ్గా ఆ విరిగిన చోట వెతికితే 1999లో ఆర్‌పీఎస్19 బయటపడింది. రైబోజోమ్ ప్రోటీన్ జీన్ పాడైతే మనిషికి జబ్బు వస్తుందని తేలడం అప్పుడే మొదలు, అందరూ ఆశ్చర్యపోయారు, ఎందుకంటే అప్పటిదాకా అలాంటి జీన్ పాడైతే బిడ్డ పుట్టడమే జరగదు అనుకునేవాళ్ళు.

పది లక్షల పుట్టుకల్లో 5 నుంచి 7 మందికి వస్తుంది. అందులో నాలుగో వంతు మందికి కారణం ఆర్‌పీఎస్19, మిగతావాళ్ళలో ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11, ఆర్‌పీఎస్26, ఆర్‌పీఎస్24 లాంటి దీని చుట్టాలే.

పాప పాలిపోయి ఉంది, ఐరన్ టానిక్ వాడితే సరిపోదా?

మన దగ్గర పిల్ల తెల్లగా పాలిపోతే ముందు టానిక్, తర్వాత బీట్‌రూట్, దానిమ్మ, రాగి జావ. ఐరన్ తక్కువైన పిల్లలకి అవన్నీ మంచివే, చాలామంది పిల్లల్లో సమస్య అదే కాబట్టి డాక్టర్లు మొదట అలా ఆలోచించడంలో తప్పు లేదు. కానీ రెండు మూడు నెలల పసిబిడ్డకి హిమోగ్లోబిన్ 4, 5 ఉంటే అది తిండి లోపం అయ్యే అవకాశం చాలా తక్కువ. బ్లడ్ రిపోర్ట్‌లో ఎంసీవీ అనే గీత చూడండి. ఐరన్ లోపంలో, తలసీమియాలో కణాలు చిన్నగా ఉంటాయి, ఎంసీవీ తక్కువ. డీబీఏలో వయసుకి ఉండాల్సినదానికంటే పెద్దగా ఉంటాయి, ఎంసీవీ ఎక్కువ. దాంతోపాటు రెటిక్ కౌంట్ అడుగంటి ఉంటే టానిక్ మార్చుకుంటూ కూర్చోకుండా హెమటాలజిస్ట్, అంటే రక్త జబ్బుల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఐరన్ లోపం లేని బిడ్డకి ఐరన్ పోస్తే లాభం లేదు, రేపు రక్తం ఎక్కించడం మొదలైతే ఒంట్లో ఐరన్ ఎలాగూ పేరుకుంటుంది, దానికి ఇదొకటి తోడు.

పార్వోవైరస్ ఇన్‌ఫెక్షన్ వల్ల, టీఈసీ అనే తాత్కాలిక సమస్య వల్ల కూడా ఎర్ర కణాల తయారీ కొన్నాళ్ళు ఆగుతుంది, అవి వాటంతట అవే తగ్గిపోతాయి. టీఈసీ ఎక్కువగా ఏడాది దాటిన పిల్లల్లో వస్తుంది, డీబీఏ పిల్లల్లో ఎక్కువమంది మొదటి ఏడాదిలోనే బయటపడతారు.

రక్తం అర్జెంటుగా ఎక్కించాలన్నారు, దానికి ముందు ఏమైనా చెయ్యాలా?

ప్రాణం మీదికి వస్తే ముందు రక్తమే, అందులో రెండో మాట లేదు. కానీ ఎక్కించే ముందు తీసిన శాంపిల్ ఒకటి పక్కన పెట్టమని అడగండి, ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబ్‌లో రెండు మూడు ఎంఎల్ చాలు. ఎందుకంటే డీబీఏకి పనికొచ్చే ఈఏడీఏ అనే ఎంజైమ్ టెస్ట్ ఎర్ర కణాల మీద చేస్తారు, ఇచ్చినవాళ్ళ రక్తం ఒకసారి ఎక్కాక చేస్తే దాతది, పాపది కలిసిపోయి విలువ నమ్మలేం, మళ్ళీ కొన్ని నెలలు ఆగాలి. ఫీటల్ హిమోగ్లోబిన్, అంటే కడుపులో ఉన్నప్పటి రకం హిమోగ్లోబిన్, ఆ టెస్ట్ కూడా అంతే. జీన్ టెస్ట్ తెల్ల కణాల డీఎన్ఏ మీద చేస్తారు కాబట్టి తర్వాత కూడా కుదురుతుంది, అయినా ముందు శాంపిల్ ఉంటే గొడవే లేదు. ఈ ఒక్క ట్యూబ్ లేక నెలల తరబడి తిరిగిన కుటుంబాలు ఉన్నాయి, ఎంత బాధగా ఉంటుందో.

రిపోర్ట్‌లో "సీ.184సీ>టీ, హెటెరోజైగస్, పాథోజెనిక్" అని ఉంది, ఎలా చదవాలి?

జీన్ కోడ్‌లో 184వ అక్షరం సీ ఉండాల్సింది టీ అయింది. మూడేసి అక్షరాలకి ఒక అమైనో ఆమ్లం లెక్కన అది 62వ స్థానం, అక్కడ సీజీజీ కాస్తా టీజీజీ అయింది, ఆర్జినిన్ రావాల్సిన చోట ట్రిప్టోఫాన్ వచ్చింది. ఇది ఈ జీన్‌లో పదేపదే కనపడే మార్పుల్లో ఒకటి. హెటెరోజైగస్ అంటే ఒక కాపీలోనే ఉంది అని. పాథోజెనిక్ అంటే జబ్బుకి కారణమని తేల్చారు.

వీయూఎస్ అని రాస్తే మాత్రం అది జబ్బు అని తేలినట్టు కాదు, కాదని తేలినట్టూ కాదు. అప్పుడు అమ్మానాన్నల రక్తం కూడా టెస్ట్ చేస్తే చాలాసార్లు చిక్కు వీడుతుంది.

ల్యాబ్‌లకి ఇక్కడ ఒక తలనొప్పి ఉంది. రైబోజోమ్ ప్రోటీన్ జీన్లకి మన డీఎన్ఏలో పనిచెయ్యని నకళ్ళు, సూడోజీన్లు అంటారు, అన్నీ కలిపి దాదాపు రెండు వేలు ఉన్నాయి. అసలు జీన్‌ని వదిలేసి నకలు చదివేస్తే రిపోర్ట్ తప్పవుతుంది, అందుకని ఈ జీన్లలో అనుభవం ఉన్న ల్యాబ్‌ని ఎంచుకోవడం మంచిది.

టెస్ట్‌లో ఏమీ రాలేదు, అంటే డీబీఏ కాదా?

అలా అనలేం. ఒక్కోసారి జీన్‌లో అక్షరం మారదు, పెద్ద ముక్కే ఎగిరిపోయి ఉంటుంది, మామూలు సీక్వెన్సింగ్‌లో అది జారిపోతుంది. డిలీషన్ కోసం విడిగా చూశారా అని అడగండి.

మాది మేనరికం. అందుకే ఇలా అయిందా?

కాదు. ఈ ప్రశ్నకి జవాబు ఇంట్లో పెద్దవాళ్ళ ముందు కూడా గట్టిగా చెప్తాను, ఎందుకంటే మేనమామని చేసుకున్నందుకే అని ఒకరు, కోడలి తరఫు నుంచే వచ్చిందని ఇంకొకరు, ఇలా మాటలు పెరిగి బిడ్డ తల్లి మీద పడతాయి. మేనరికం వల్ల రిస్క్ పెరిగేది రెండు కాపీలూ పాడైతేనే వచ్చే జబ్బులకి, తలసీమియా లాంటివాటికి. ఆర్‌పీఎస్19లో ఒక్క కాపీ చాలు, కాబట్టి చుట్టరికంతో దీనికి సంబంధం లేదు. సగానికి పైగా పిల్లల్లో ఈ మార్పు అమ్మలోనూ ఉండదు, నాన్నలోనూ ఉండదు, బిడ్డలో కొత్తగా వచ్చి ఉంటుంది. గ్రహణం, తిన్న తిండి, కడుపుతో ఉన్నప్పుడు చేసిన ఉద్యోగం, ఇవేవీ కారణాలు కావు.

మిగతా ఇళ్ళలో అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటుంది, వాళ్ళకే తెలిసి ఉండదు. హిమోగ్లోబిన్ బాగానే ఉంటుంది, ఎంసీవీ కాస్త ఎక్కువ, ఈఏడీఏ కాస్త ఎక్కువ, అంతే. ఒకే మార్పు నాన్నలో ఏమీ చెయ్యదు, కొడుకుని నెలనెలా రక్తం మీద నిలబెడుతుంది.

రెండో బిడ్డకి వస్తుందా?

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ 50 శాతం అవకాశం, ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఒకటే. ఇద్దరిలోనూ లేకపోతే చాలా తక్కువ, కానీ సున్నా కాదు, అరుదుగా అండాల్లోనో వీర్యకణాల్లోనో మాత్రమే దాగి ఉంటుంది. మొదటి బిడ్డ మార్పు ఏంటో తెలిసి ఉంటే గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య సీవీఎస్ అనే టెస్ట్‌తో చూడొచ్చు, లేదా ఐవీఎఫ్‌లో పిండం దశలోనే చూసుకోవచ్చు. బిడ్డ ఆడా మగా అని మాత్రం అడగొద్దు, 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరం.

బొటనవేలు కొంచెం వేరుగా ఉంది, దానికీ దీనికీ లింక్ ఉందా?

ఉండొచ్చు. డీబీఏ పిల్లల్లో దాదాపు సగంమందికి ఏదో ఒక పుట్టుక తేడా ఉంటుంది: బొటనవేలికి మూడు కణుపులు, అంగిలి చీలిక, గుండెలో రంధ్రం, కిడ్నీ తేడా, ఎత్తు తక్కువ. ఆర్‌పీఎల్5లో అంగిలి చీలిక, ఆర్‌పీఎల్11లో బొటనవేలి తేడా ఎక్కువ కనపడతాయి. గుండెకి ఎకో, కిడ్నీకి స్కాన్ ఒకసారి చేయించేయండి.

మందులు జీవితాంతం వాడాలా?

ఏడాది వయసు వచ్చేదాకా సాధారణంగా రక్తం ఎక్కిస్తూ నెట్టుకొస్తారు, 3 నుంచి 5 వారాలకి ఒకసారి. స్టెరాయిడ్ మరీ పసిపిల్లలకి ఇస్తే ఎదుగుదల దెబ్బతింటుంది, అందుకే ఆగుతారు. తర్వాత ప్రెడ్నిసొలోన్ పెట్టి చూస్తారు, 80 శాతం దాకా పిల్లలు మొదట్లో స్పందిస్తారు, నెమ్మదిగా డోస్ తగ్గించుకుంటూ వచ్చి ఎంత తక్కువతో హిమోగ్లోబిన్ నిలబడుతుందో కనుక్కుంటారు. మొహం ఉబ్బిందని, పక్కింటివాళ్ళు ఏదో అన్నారని స్టెరాయిడ్ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణాపాయం, ఇది గుర్తుంచుకోండి. ఎక్కువ డోస్‌లో ఉన్నప్పుడు ఎంఎంఆర్ లాంటి లైవ్ టీకాలు వేయించే ముందు హెమటాలజిస్ట్‌ని అడగాలి.

రక్తం మీదే ఉన్న పిల్లలకి ఐరన్ గుండెలో, లివర్‌లో పేరుకుంటుంది, దాన్ని బయటికి పంపే మందు, ఎక్కువగా డెఫెరాసిరాక్స్, తప్పనిసరి. డెఫెరిప్రోన్ అనే మందు తెల్ల కణాల్ని పడగొట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఈ జబ్బులో సాధారణంగా దూరం పెడతారు, తలసీమియా పిల్లాడికి ఇచ్చారు కదా మాకూ రాయండి అని అడక్కండి.

ఒక మంచి మాట కూడా ఉంది, 25 ఏళ్ళు వచ్చేలోపు దాదాపు 20 శాతం మందిలో మందులూ రక్తమూ రెండూ అవసరం లేని దశ వస్తుంది.

అన్నయ్య బోన్ మారో మ్యాచ్ అయింది, వెంటనే చేయించెయ్యచ్చా?

ఆగండి. మ్యాచ్ అవ్వడం ఒకటి, ఆ అన్నయ్యకి ఇదే జీన్ మార్పు లేకపోవడం ఇంకొకటి. పైకి ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువులో కూడా అది దాగి ఉండొచ్చు, అప్పుడు ఇచ్చే మారోలోనే జబ్బు ఉన్నట్టు. కాబట్టి హెచ్ఎల్ఏ అనే మ్యాచింగ్ టెస్ట్‌తోపాటు పాపకి దొరికిన ఆ ఒక్క మార్పు కోసం అన్నయ్యని కూడా తప్పకుండా టెస్ట్ చేయించండి. ఇది బిడ్డ మార్పు ఏంటో తెలిస్తేనే కుదురుతుంది, జీన్ టెస్ట్ డబ్బు దండగ అనేవాళ్ళకి నేను చూపించే మొదటి కారణం ఇదే.

పదేళ్ళలోపు, మ్యాచ్ అయిన తోబుట్టువు నుంచి చేస్తే ఫలితాలు బాగుంటాయి. మనకి దగ్గర్లో వేలూరు సీఎంసీలో 1986 నుంచి ఈ మార్పిడులు జరుగుతున్నాయి, బెంగళూరు, చెన్నైల్లో కూడా ఇప్పుడు చేస్తున్నారు. ఇంట్లో ఎవరూ కుదరకపోతే బయటి దాతల కోసం చెన్నైలో మొదలైన దాత్రి లాంటి రిజిస్ట్రీల్లో వెతుకుతారు.

వెంకీ రామకృష్ణన్‌గారికి నోబెల్ వచ్చింది దీని మీదేనా?

ఇంజినీరింగ్ చదివే అక్కలూ అన్నలూ ఉన్న ఇళ్ళలో ఇది వస్తుంది! చిదంబరంలో పుట్టిన ఆయనకి 2009లో, థామస్ స్టైట్జ్, అడా యోనత్‌లతో కలిపి, రైబోజోమ్ ఆకారం తేల్చినందుకు వచ్చింది. ఆయన చూసింది బ్యాక్టీరియా రైబోజోమ్ చిన్న భాగం. బ్యాక్టీరియాలో ఎస్19 అని ఒక ప్రోటీన్ ఉంది, నంబర్ ఒకటే కదా అని అదే ఇది అనుకోవద్దు, దానికి మనలో సాటివచ్చేది ఆర్‌పీఎస్15. మన ఆర్‌పీఎస్19 బ్యాక్టీరియాలో అసలు లేదు. కొత్త పద్ధతిలో దీన్ని ఈఎస్19 అని రాస్తారు, నెట్‌లో వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

పెద్దయ్యాక చదువు, పెళ్ళి, పిల్లలు?

తెలివితేటలకి మామూలుగా ఏ లోటూ ఉండదు, స్కూల్ మాన్పించాల్సిన పని లేదు. అమ్మాయిలకి గర్భం వచ్చినప్పుడు, కొందరికి గర్భనిరోధక మాత్రలు వాడినప్పుడు హిమోగ్లోబిన్ మళ్ళీ పడిపోవచ్చు, కాబట్టి గైనకాలజిస్ట్‌తోపాటు హెమటాలజిస్ట్ కూడా చూస్తూ ఉండాలి. పేగు క్యాన్సర్, ఎముక క్యాన్సర్, రక్త క్యాన్సర్ లాంటివాటి రిస్క్ మామూలు జనం కంటే ఎక్కువ, అందుకే కొలనోస్కోపీ మిగతావాళ్ళకంటే చిన్న వయసులోనే మొదలుపెట్టమంటారు. జబ్బు తగ్గిపోయింది అని చెప్పించుకున్నవాళ్ళు కూడా ఏడాదికొకసారి బ్లడ్ కౌంట్ చూపించుకోవాలి. జీన్ రిపోర్ట్ కాపీ ఒకటి పిల్లల పేరు మీదే దాచి, 18 నిండాక వాళ్ళ చేతికిచ్చి కూర్చోబెట్టి చెప్పండి, పెళ్ళి మాటలప్పుడు అవతలివాళ్ళకి చెప్పాలో వద్దో, పిల్లల కోసం ఏం టెస్టులు చేయించుకోవాలో వాళ్ళే నిర్ణయించుకోవాలి కదా.